హైదరాబాద్‌లో పోర్షన్లు ఎటు పోతున్నాయి? 18 వేల లోపు ఫ్యామిలీకి ఇల్లు, దాని లెక్కలు

కిరాయి_కూకట్‌పల్లి

నలుగురున్న కుటుంబం. చేతికొచ్చేది నెలకి 55 నుంచి 60 వేలు. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 18 వేలు దాటకూడదు. ఒకరి ఆఫీసు మాదాపూర్, ఇంకొకరిది అమీర్‌పేట. ఇలాంటి కుటుంబాలు ఒకప్పుడు ఇండిపెండెంట్ ఇళ్ళలో పోర్షన్ తీసుకుని ఏళ్ళకేళ్ళు ఉండేవి. పైన ఓనరు, కింద రెండు పోర్షన్లు, టెర్రస్ మీద ఒక గది. ఇప్పుడు ఆ వీధుల్లో చూస్తే రెండు ఇళ్ళకొకటి కూలగొట్టి ఉంది, మిగిలినవాటికి హాస్టల్ బోర్డు.

మూడు సంగతులు తెలిసినవాళ్ళు చెప్పండి. ఆ పోర్షన్లు పోవడానికి అసలు లెక్క ఏంటి, మళ్ళీ వచ్చే అవకాశం ఉందా? ఉన్నపళంగా ఖాళీ చేయమంటే చట్టంలో ఏముంది? పది పదిహేను కిలోమీటర్లు దూరం జరిగితే నిజంగా ఏమైనా మిగులుతుందా? "మాకూ ఇలాగే జరిగింది" కథలు వేరే థ్రెడ్‌లో బోలెడున్నాయి, ఇక్కడ లెక్కలే కావాలి.

గజంలెక్క

మొదటిదానికి చెప్తాను. పక్కపక్కన 300 గజాల ఇళ్ళు రెండున్నాయి అనుకోండి. ఒక్కోదాంట్లో కింద రెండు డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్లు, పైన ఓనరు, ఆయన పక్కన ఒక సింగిల్ బెడ్‌రూమ్, టెర్రస్ మీద ఒక గది. అంటే అద్దెకున్న కుటుంబాలు ఎనిమిది. ఓనర్లిద్దరికీ వయసు మీదపడుతుంది, పిల్లలు వేరే దేశంలోనో వేరే ఊళ్ళోనో ఉంటారు. స్లాబు కారుతుంది, డ్రైనేజీ పైపు మార్చాలి. అప్పుడు బిల్డరు వచ్చి రెండు ప్లాట్లు కలిపి 600 గజాలు డెవలప్‌మెంట్‌కి అడుగుతాడు. సగం సగం వాటా, పైన కొంత గుడ్‌విల్ (తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు), కట్టినంతకాలం ఓనర్ల అద్దె ఖర్చు తనది. చేతినుంచి రూపాయి పెట్టకుండా పాత ఇంటికి బదులు చెరి మూడు నాలుగు ఫ్లాట్లు వస్తుంటే వద్దనేవాళ్ళు తక్కువ.

ఈ ఊళ్ళో ఇది ఇంత సులువుగా నడవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2006లో జీవో 86 వచ్చినప్పటి నుంచి ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ (స్థలంతో పోల్చి ఎంత కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారి. ముందు రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్, ఈ మూడే ఎత్తును తేలుస్తాయి. 600 గజాలంటే 500 చదరపు మీటర్లు దాటుతుంది కాబట్టి, రోడ్డు సరిపోతే స్టిల్టు (కార్లు పెట్టే ఖాళీ కింది అంతస్తు) మీద ఐదంతస్తులు పడతాయి. అందుకే విడి ప్లాటు కంటే కలిపిన ప్లాటుకి గిరాకీ. అనుమతుల ఆలస్యం కూడా ఇప్పుడు అడ్డం కాదు. 2020లో వచ్చిన ఆన్‌లైన్ అనుమతుల విధానం బీపాస్‌లో 500 చదరపు మీటర్లు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే ఇస్తారు, అది దాటితే గడువు 21 రోజులు.

ఇక కట్టేది ఏంటి? 60 అడుగులు 90 అడుగుల స్థలం అనుకుని సెట్‌బ్యాకులు తీసేస్తే అంతస్తుకి సుమారు 2,900 చదరపు అడుగులు (ఎస్‌ఎఫ్‌టీ). బాల్కనీలు, కామన్ ఏరియా కలిపి అమ్మకపు లెక్కలో మొత్తం 17 వేల దాకా వస్తుంది. దాన్ని 1,150 చొప్పున పదిహేను ఫ్లాట్లు చేస్తారు, లేదా 1,700 చొప్పున పది. ఎస్‌ఎఫ్‌టీ 7,500 అనుకుంటే చిన్న ఫ్లాటే 86 లక్షలు. ఇక్కడ ఫ్లాటు ధర మీద ఏడాది అద్దె 3 శాతం చుట్టూ తిరుగుతుంది అనుకోండి, నెలకి 21,500. మెయింటెనెన్స్ 3 వేలు వేరు. మీ 18 వేలు ఆ గేటు దగ్గరే ఆగిపోయాయి.

స్లాబురేటు

పైవారి లెక్కలో ఒక మాట అడుగుతాను. ఎనిమిది పోర్షన్ల చోట పదిహేను ఫ్లాట్లు వచ్చాయి. ఇళ్ళు పెరిగాయి కదా, సరఫరా పెరిగితే అద్దె దిగాలి. మరి సింగిల్ బెడ్‌రూములు ఎందుకు కట్టరు? గిరాకీ ఉందిగా.

గజంలెక్క

ఇళ్ళ సంఖ్య పెరిగిన మాట నిజం. పోయింది ఆ ధరలో ఉండే ఇళ్ళు. పాత పోర్షన్ అద్దె తక్కువ ఎందుకంటే ఆ ఇంటి అప్పు ఎప్పుడో తీరిపోయింది, భూమి ధర ఓనరు లెక్కలో లేదు, లిఫ్టు లేదు, జనరేటర్ లేదు, వాచ్‌మన్ లేడు. కొత్త ఫ్లాటులో ఇవన్నీ అద్దెలోకి ఎక్కుతాయి.

సింగిల్ బెడ్‌రూము కట్టకపోవడానికి మొదటి అడ్డు పార్కింగ్. స్టిల్టులో మెట్లు, లిఫ్టు, మీటర్ల ప్యానెల్, వాచ్‌మన్ గది పోగా, తిరిగే దారితో కలిపి కారుకి 200 నుంచి 250 చదరపు అడుగులు పడుతుంది. పన్నెండు పదమూడు కార్లకే ఊపిరాడదు. కారు చూపించని ఫ్లాటు కొనేవాడు ఎక్కడ? రెండోది, ఎస్‌ఎఫ్‌టీకి ఖర్చు. ఇంట్లో ఖరీదైన భాగం వంటగది, బాత్రూములు. ఒక 1,150 ఫ్లాటు బదులు రెండు చిన్నవి కడితే వంటగది, ప్లంబింగు, కరెంటు మీటరు రెండింతలు, అమ్మే వైశాల్యం మాత్రం అంతే.

మూడోది జీఎస్‌టీ. కట్టుబడిలో ఉన్న అందుబాటు ధర ఇంటికి 1 శాతం, మిగతావాటికి 5 శాతం. హైదరాబాద్ మెట్రో నగరాల జాబితాలో ఉంది కాబట్టి ఆ 1 శాతం దక్కాలంటే కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం) 60 చదరపు మీటర్ల లోపు, ధర 45 లక్షల లోపు, రెండూ కుదరాలి. 60 మీటర్ల కార్పెట్ అంటే అమ్మకపు లెక్కలో 900 ఎస్‌ఎఫ్‌టీ దాకా. 45 లక్షలకి రావాలంటే అడుగు 5,000కి అమ్మాలి. కూకట్‌పల్లిలో ఎవరమ్ముతారు?

అద్దెకిద్దామని కొనేవాడి లెక్క ఇంకా దారుణం. 86 లక్షల్లో 69 లక్షలు అప్పు, 8.5 శాతం, 20 ఏళ్ళు: లక్షకి 868 చొప్పున ఈఎంఐ 60 వేలకి దగ్గర. వచ్చే అద్దె 21,500. ధర పెరుగుతుందన్న ఆశ ఒక్కటే కొనిపిస్తోంది, అద్దె కాదు. అందుకే ఖాళీగా తాళం వేసి ఉంచినా పర్వాలేదనుకునే ఓనర్లుంటారు.

టులెట్‌బోర్డు

హాస్టళ్ళ సంగతి నేను రాస్తాను, ఇది అంచనాలతో కట్టిన లెక్క అని గుర్తుంచుకోండి. నాలుగు కుటుంబాలు 15 వేల చొప్పున ఇస్తే ఓనరుకి 60 వేలు. నలుగురితో మాట్లాడాలి, నాలుగుసార్లు సున్నం వేయించాలి. హాస్టల్ నడిపేవాడు బిల్డింగ్ మొత్తానికి 1,20,000 ఇస్తానని, ఆరు నెలల అడ్వాన్స్ ముందే పెడతాడు. మాట్లాడాల్సింది ఒక్కడితో. ఓనరు మొగ్గడం సహజమే.

అయితే నడిపేవాడికి అంత తేలికేం కాదు. పడకకి 7,500 వస్తే భోజనం, టిఫినుకి 2,500 పోతుంది. మిగిలేది 5,000. అద్దె 1,20,000, వంటమనిషి, ఊడ్చేవాళ్ళు 35 వేలు, కరెంటు, నీళ్ళు, వైఫై 25 వేలు, మొత్తం 1,80,000. అంటే 36 పడకలు నిండితేనే నష్టం లేకుండా గట్టెక్కుతాడు. నలభై పడకల బిల్డింగులో ఐదు ఖాళీ అయితే నష్టం. అందుకే కంపెనీలు ఇంటినుంచి పని అనగానే హాస్టళ్ళు వరసగా మూతపడతాయి.

మూతపడ్డాక ఆ ఇల్లు మళ్ళీ ఫ్యామిలీకి వస్తుందా అంటే, చాలావరకు రాదు. అసలు పాయింటు ఇదే. హాస్టల్‌గా మార్చేటప్పుడు హాలును ప్లైవుడ్‌తోనో జిప్సం బోర్డుతోనో రెండు చేస్తారు, పోర్షన్ల వంటగదులు తీసేసి అక్కడ గదులు వేస్తారు, బాత్రూములు పెంచి పైపులు గోడ బయటనుంచి లాగుతారు. వెనక్కి మార్చాలంటే ప్లాట్‌ఫారం, సింకు, డ్రైన్ లైను మళ్ళీ వేయాలి. ఓనరు ఆ ఖర్చు పెట్టడు, ఇంకో హాస్టల్ వాడి కోసం చూస్తాడు, లేదా పైన చెప్పినట్టు డెవలప్‌మెంట్‌కి ఇస్తాడు. పన్ను పరంగానూ అడ్డు లేదు: 2024 జులై నుంచి మనిషికి నెలకి 20 వేల లోపు ఉండి, కనీసం 90 రోజులు వరసగా ఉంటే హాస్టల్ వసతి మీద జీఎస్‌టీ లేదు.

కాబట్టి ఇల్లు వెతికేటప్పుడు వీధిని చూడండి. మెట్రో స్టేషనుకి నడిచివెళ్ళేంత దగ్గర, ఐటీ కారిడార్ బస్సు ఆగే చోట, 40 అడుగుల రోడ్డు మీద ఉన్న ఇళ్ళు ముందు పోతాయి. సన్నటి రోడ్డులో, రెండు వందల గజాల లోపు, అన్నదమ్ముల మధ్య పంపకం తేలని ఇళ్ళు ఇంకొన్నాళ్ళు ఉంటాయి. నవ్వకండి, వాటా గొడవ ఉన్న ఇంట్లో అద్దెకుండేవాడికి నాలుగైదేళ్ళు ఢోకా ఉండదు. అద్దె ఎవరికి కట్టాలో మాత్రం కాగితం మీద రాయించుకోండి.

పాతబాకీ

రెంట్ కంట్రోల్ చట్టం ఉందిగా, 1960ది. రెంట్ కంట్రోలర్ దగ్గర కేసు వేస్తే పదేళ్ళు కదపలేరు. అంత భయం దేనికి?

సెక్షన్106

పైమాట నమ్మి ఎవరూ మొండికేయకండి. ఆ చట్టం ఇప్పటికీ ఉన్నా, 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటితే అది వర్తించదు. కొత్త కట్టడాలకి పూర్తయినప్పటి నుంచి కొన్నేళ్ళు వేరే మినహాయింపు. ఈరోజు నగరంలో 3,500కి ఫ్యామిలీ ఇల్లు ఎక్కడుంది? అంటే మధ్యతరగతి అద్దెదారు మొత్తానికి మొత్తం దాని బయటే.

మీకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే నెలవారీ అద్దెకి 15 రోజుల నోటీసు చాలు. ఒప్పందంలో రాసుకుంటే రాసుకున్నదే చెల్లుతుంది. బేరం ఆడాల్సింది అక్కడే. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం గురించి చాలామంది అడుగుతారు. రెండు నెలలకి మించి అడ్వాన్స్ వద్దని, ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని అందులో ఉంది. కానీ అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది.

11 నెలల అగ్రిమెంటు ఎందుకు రాస్తారంటే, కేంద్ర చట్టంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇక్కడ మాత్రం 1999 రాష్ట్ర సవరణ ఏ లీజుకైనా రిజిస్ట్రేషన్ అడుగుతుంది. కొందరు "మూడేళ్ళు ఉండొచ్చు" అని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసిచ్చి సంబరపడతారు. రిజిస్టర్ కాని మూడేళ్ళ కాగితం కోర్టులో మూడేళ్ళ హక్కు ఇవ్వదు, మీరు నెలవారీ అద్దెదారుగానే మిగులుతారు. నిజంగా మూడేళ్ళ భరోసా కావాలంటే రిజిస్టర్ చేయించండి, ఖర్చు చెరిసగం అనండి.

11 నెలల కాగితంలోనే ఈ నాలుగు మాటలు పెట్టించండి. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చినా, అమ్మినా, మొత్తం బిల్డింగ్ లీజుకిచ్చినా 90 రోజుల రాతపూర్వక నోటీసు. పిల్లలుంటే ఆ గడువు మార్చి–ఏప్రిల్ పరీక్షల మధ్యలో పడకూడదని. ఏటా పెంపు ఎంత శాతమో అంకెలో. ఖాళీ చేసిన రోజునే అడ్వాన్స్ వాపసు, సున్నం ఖర్చు ఎంతో ముందే ఒక మొత్తం. ఇదొక్కటి రాయకపోతే చివర్లో ఒక నెల అద్దె "పెయింటింగ్" అని పోతుంది.

ఇల్లు చేతులు మారితే కొత్త ఓనరు పాత ఒప్పందానికి కట్టుబడాల్సిందే. చిక్కు అడ్వాన్స్‌తో వస్తుంది: పాతాయన కొత్తాయనకి ఇచ్చానంటాడు, కొత్తాయన అందలేదంటాడు. అమ్మకం మాట వినగానే "ఇంత అడ్వాన్స్ ఫలానావారికి బదిలీ అయింది" అని ఇద్దరి సంతకాలతో ఒక చీటీ తీసుకోండి. కరెంటు, నీళ్ళు ఆపి వెళ్ళగొట్టే హక్కు ఓనరుకి లేదు. అలా చేస్తే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) అడగొచ్చు. దానికి అద్దె బ్యాంకు ద్వారా కట్టిన రుజువు ఉండాలి. చేతికి నగదు ఇచ్చేవాళ్ళు ఇక్కడే ఓడిపోతారు.

స్లాబురేటు

బోర్డు మీద అద్దె 13 వేలని చూసి పొంగిపోవద్దు, ముందు మీటరు చూడండి. పాత ఇళ్ళలో మూడు పోర్షన్లకి ఒకే మీటరు ఉంటుంది, ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి ఇంత అని తీసుకుంటాడు. ఒక్కో కుటుంబం 120 యూనిట్లు వాడితే విడి మీటరులో మొదటి వంద 3.40, తర్వాతి ఇరవై 4.80 చొప్పున 436 రూపాయలు. ముగ్గురికీ కలిపి 1,308. అదే 360 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే, 200 దాటింది కాబట్టి రేటే మారి మొదటి 200కి 5.10, తర్వాతి వందకి 7.70, మిగతా అరవైకి 9 రూపాయలు, మొత్తం 2,330. ఫిక్స్‌డ్ ఛార్జీలు కలపకుండానే ఇంటికి 340 తేడా. ఎండాకాలం కూలర్, ఏసీ నడిస్తే ఇంకా పైకి. మీ పోర్షన్‌కి విడి మీటరు ఉంటే ఆరు నెలల పాత బిల్లులు అడిగి చూడండి, దాచడానికేమీ లేదు కాబట్టి చూపిస్తారు.

నీళ్ళు రెండోది. మనిషికి రోజుకి 135 లీటర్లు లెక్క వేసినా నలుగురికి నెలకి 16 వేల లీటర్లు. నాలుగు పోర్షన్ల ఇంటికి 65 వేలు. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, బోరు ఏప్రిల్‌లో ఎండిపోయి అన్నీ కొనాల్సి వస్తే 5 వేల లీటర్ల ట్యాంకరు నెలకి పదమూడు దాకా. ఆ ఖర్చు ఎవరిదో అగ్రిమెంటులో లేకపోతే మీదే. సంపు ఎన్ని లీటర్లు, బోరు ఎన్ని అడుగులు, పోయిన మే నెలలో ట్యాంకరు వచ్చిందా అని ఓనరుని కాదు, కింద పోర్షన్ వాళ్ళని అడగండి.

ఎంఎంటీఎస్‌పాస్

దూరం సంగతి. మాదాపూర్‌కి 22 కిలోమీటర్ల అవతల అద్దె 12 వేలు, దగ్గర్లో 19 వేలు అనుకుందాం. తేడా 7 వేలు. బండి మీద రానూపోనూ 44 కిలోమీటర్లు, నెలకి 24 రోజులంటే 1,056. లీటరుకి 45 ఇస్తే 23.5 లీటర్లు, లీటరు 107 రూపాయలు అనుకుంటే 2,500. టైర్లు, సర్వీసింగు కిలోమీటరుకి ఒక రూపాయి వేయండి, ఇంకో వెయ్యి. మొత్తం 3,500. ఇద్దరూ అంత దూరం బళ్ళ మీదే వెళ్తే 7 వేలూ సరిపోయాయి. ఒకరి ఆఫీసు అటే ఉంటేనో, ఒకరు ఇంట్లో ఉంటేనో మాత్రమే దూరం లాభం.

మీ విషయంలో ఒకటి అమీర్‌పేట, ఒకటి మాదాపూర్ కాబట్టి కూకట్‌పల్లినే పట్టుకుని వేలాడక్కర్లేదు. నాగోల్–రాయదుర్గం మెట్రో లైను ఆ రెండింటినీ కలుపుతుంది. హబ్సిగూడ, తార్నాక, ఉప్పల్ వైపు లోపలి వీధుల్లో చూస్తే ఇద్దరికీ బండి అక్కర్లేదు. బడి మార్చాల్సి రావడం ఒక్కటే అక్కడ పెద్ద ఖర్చు, దాన్ని కూడా లెక్కలో వేయండి. చందానగర్, లింగంపల్లి వైపు ఎంఎంటీఎస్ లోకల్ రైలు చార్జీ చాలా తక్కువ. రైళ్ళు మాత్రం తక్కువే నడుస్తాయి, మీ షిఫ్టు టైముకి ఏది సరిపోతుందో టైంటేబుల్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇంకోటి, ఎప్పుడు వెతకాలి అన్నది. ఏప్రిల్–జూన్‌లో పిల్లల బడి మారే కుటుంబాలన్నీ ఒకేసారి దిగుతాయి, అప్పుడు బేరం ఉండదు. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్ళు అరుదు. భాద్రపదం, పుష్యం కూడా అంతే. ఆ నెలల్లో ఖాళీ అయిన ఇంటికి ఓనరు నెల అద్దె పోగొట్టుకుంటాడు కాబట్టి వెయ్యో, పదిహేను వందలో దిగుతాడు. పట్టింపు ఉంటే ఆషాఢంలో అడ్వాన్స్ ఇచ్చి, శ్రావణంలో పాలు పొంగించుకునేలా మాట్లాడుకోండి. యాప్‌ల కంటే ఉదయం వీధుల్లో నడిస్తే దొరికేవే చవక. పోర్షన్ల ఓనర్లు ఫోటోలు పెట్టరు, గేటుకి అట్టముక్క కడతారు. కిరాణా కొట్టాయన, ఇస్త్రీ బండివాళ్ళు బ్రోకరు కంటే ముందే చెప్తారు, బ్రోకరుకిచ్చే నెల అద్దే మిగులుతుంది.

కిరాయి_కూకట్‌పల్లి

అందరికీ థ్యాంక్స్. హబ్సిగూడ ఆలోచన రాలేదు, చూస్తాం. ఒక్క ప్రశ్న. ఓనరు అమెరికాలో, ఇక్కడ బావమరిది చూసుకుంటాడు, అద్దె 16 వేలు. అలాంటి ఇంట్లో ఏమైనా చిక్కుందా?

సెక్షన్106

ఉంది, చాలామందికి తెలియదు. ఇక్కడ ఉండే ఓనరుకైతే అద్దె నెలకి 50 వేలు దాటితేనే మీరు టీడీఎస్ (అద్దెలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) కోయాలి. ఓనరు ఎన్నారై అయితే ఆ పరిమితే లేదు. 16 వేలకైనా సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే నెలకి 4,992 కోసి ప్రభుత్వానికి కట్టాలి, దానికి మీరు ట్యాన్ (పన్ను కోసేవాళ్ళకిచ్చే) నంబరు తీసుకోవాలి, మూడు నెలలకోసారి రిటర్న్ వేయాలి. కోయకపోతే బాధ్యత అద్దెదారు మీదే పడుతుంది. తక్కువ రేటుకి ఓనరు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, ఆ పని ఆయనది.

బావమరిది ఖాతాలో వేస్తే సరిపోతుందిలే అంటారు. ఓనర్‌షిప్ ఎవరి పేరు మీద ఉందో అదే లెక్క. పైగా హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం) చూపించేటప్పుడు అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ ఇవ్వాలి, మీది 1,92,000. కాబట్టి అగ్రిమెంటు ముందే బావమరిది దగ్గర జీపీఏ (ఓనరు తరఫున వ్యవహరించే అధికార పత్రం) కాపీ, ఓనరు పాన్, ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు మీద ఎవరి పేరుందో మూడూ అడగండి. జీపీఏలో అద్దెకిచ్చే అధికారం, అద్దె వసూలు చేసే అధికారం రెండూ విడిగా రాసి ఉండాలి. కొన్నింట్లో "చూసుకోవడానికి" అని మాత్రమే ఉంటుంది, అది చాలదు.